22 వాట్ల యాంప్‌కి 108 వీఏ

కోఠి గుజరాతీ గల్లీ దగ్గరి సందులో వైండింగ్ షాపు. వార్నిష్ వాసన గుప్పుమంటోంది. మీరు బల్ల మీద పెట్టింది ఫెండర్ డీలక్స్ రివెర్బ్. అమెరికా నుంచి బావగారి సామానుతో వచ్చిన ట్యూబు యాంప్. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ స్టెప్‌డౌన్ పెట్టి వోల్టులు సరిచేశారు గానీ, హెర్ట్జ్ మాత్రం 50యే. కోర్‌లో ఫ్లక్స్ ఐదో వంతు పెరిగింది. కాసేపు మోగాక ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి నిలవడం లేదు. 230 వోల్టులకి కొత్తది చుట్టించాలి.

"ఎన్ని వాట్లదన్నా?"

"ఇరవై రెండు."

"అయితే యాభై వీఏ మస్తయితది."

తల ఊపకండి. 22 వాట్లు స్పీకర్‌కి చేరేవి. ట్రాన్స్‌ఫార్మర్ మోసే బరువు వేరు, దాని కొలతే వీఏ: వోల్టులు ఇంటూ ఆంపియర్లు. షాసీ బయటికి తీసి ట్యూబులు లెక్కపెట్టండి. రెండు 6వీ6లు: హీటర్లకి ఒక్కోదానికి 0.45 ఆంపియర్లు. నాలుగు 12ఏఎక్స్7లు, రెండు 12ఏటీ7లు: ఒక్కోదానికి 0.3. మొత్తం 2.7. కాగితం మీద "6.3 వోల్టులు, 3 ఆంపియర్లు" అని రాయండి. జీజడ్34 రెక్టిఫైయర్ విడిగా 5 వోల్టుల దగ్గర 1.9 తాగుతుంది, 2 వేసుకోండి.

ఇక హెచ్‌టీ, అంటే ప్లేట్లకి వెళ్లే హై టెన్షన్. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తో ప్రోబ్ ఆనించండి. ప్లేటు మీద 415 వోల్టులు. 6వీ6 క్యాథోడ్‌కి వేసిన ఒక ఓమ్ రెసిస్టర్ మీద 22 మిల్లీవోల్టులు, అంటే 22 మిల్లీఆంపియర్లు. ఇది ఊరికే ఉన్నప్పటి మాట. వాల్యూమ్ పూర్తిగా తిప్పి, ఎవరినైనా గిటార్ మీద 'E' కార్డ్ బాదమనండి. షట్టర్ దడదడలాడుతుంది, మీటర్లో అంకె రెట్టింపు దాటుతుంది. రెండూ కలిపి వంద దాకా, చిన్న ట్యూబులతో కలిపి 120 వేసుకోండి.

వైండింగ్ 330-0-330. రెండు సగాలూ వంతులవారీగా పనిచేస్తాయి కాబట్టి, డీసీ కరెంటు ఎంతో వైండింగ్ రేటింగూ అంతే వేయొచ్చు. 660 వోల్టులని 0.12తో హెచ్చిస్తే 79 వీఏ. హీటర్లకి 19, రెక్టిఫైయర్‌కి 10. మొత్తం 108.

వైండర్ కాగితం చూస్తాడు. "గట్లయితే రెండొందలది చుడతా, తక్లీఫే ఉండదు."

ఉంటుంది. ముందు, షాసీ కోతలో అది పట్టదు. పైగా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ పడ్డా వోల్టులు దించదు. ప్లేటు వోల్టేజీ పైకెళ్తుంది. గట్టిగా మీటినప్పుడు వోల్టేజీ కాస్త కుంగి మళ్లీ లేవడాన్ని గిటారిస్టులు శాగ్ అంటారు. ఆ మెత్తదనమూ తగ్గుతుంది.

స్లిప్పులో ఇంకో మాట రాయించండి: బయాస్ ట్యాప్. గ్రిడ్డుకి మైనస్ వోల్టులు అందకపోతే 6వీ6 ప్లేట్లు ఎర్రగా కాలి ట్యూబులు పోతాయి. వాట్లు చెప్పి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించకండి. ట్యూబులు తాగే కరెంటు లెక్కగట్టి చుట్టించండి.