మోకాలికి మిరప మందు

1813లో శామ్యూల్ థామ్సన్ అనే అమెరికా నాటువైద్యుడు తన వైద్య పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. న్యూ హ్యాంప్‌షైర్ రైతు కుటుంబంలో పుట్టినవాడు, డాక్టరు చదువు చదవలేదు. ఒంట్లో వేడి తగ్గడమే జబ్బులన్నిటికీ మూలమని ఆయన వాదం. ఆ వేడిని తిరిగి రప్పించడానికి వాడిన రెండో నంబరు మందు అచ్చంగా మిరప కారమే! ఆ శతాబ్దం చివరికి మిరపసారం పట్టించిన పట్టీలు అమెరికా మందుల షాపుల్లో అమ్ముడయ్యేవి. నడుము పట్టేసినా, కీళ్లు బిగుసుకున్నా వాటినే అంటించుకునేవారు.

థామ్సన్ సిద్ధాంతాన్ని వైద్యశాస్త్రం ఎప్పుడో పక్కన పెట్టింది. మిరప మాత్రం పోలేదు. అదెలా పనిచేస్తుందో తేలడానికి 180 ఏళ్లకు పైగా పట్టింది.

ఘాటుకు కారణమైన పదార్థాన్ని 1876లో జాన్ థ్రెష్ స్ఫటికాలుగా తీసి, కాప్సైసిన్ అని పేరు పెట్టాడు. 1912లో విల్బర్ స్కోవిల్ దాని ఘాటును కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మిరపసారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోవడం, రుచి చూసేవాళ్ల నాలుకకు మంట తెలియనప్పుడు ఆపడం, ఇదీ పద్ధతి. ఈ రోజు సాస్ సీసాల మీద గొప్పగా వేసుకునే స్కోవిల్ అంకెను కనిపెట్టిన మనిషి ఒక మందుల కంపెనీ ఫార్మసిస్టు.

అసలు కీలకం దొరికింది మాత్రం హంగరీలో. మనలాగే మిరప లేనిదే ముద్ద దిగని దేశం అది. కాప్సైసిన్ ప్రభావం నరాల ద్వారానే కలుగుతుందని 1878లో ఎండ్రె హోగ్యెష్ చూపించాడు. 1940లలో మిక్లోష్ యాంచో ఇంకో విచిత్రం గమనించాడు. కాప్సైసిన్ పదేపదే ఇచ్చిన జంతువులు కొన్నాళ్లకు ఆ మంటకే స్పందించడం మానేశాయి.

ఎందుకలా? 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం జవాబు పట్టుకుంది. నొప్పి తెలిపే నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ద్వారం ఉంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది తెరుచుకుంటుంది. కాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. అందుకే ఏమీ కాలకపోయినా కాలినట్టు మెదడుకు కబురు వెళ్తుంది. రోజూ పూస్తూ పోతే ఆ నరాల కొసలు కొంతకాలం మొద్దుబారి, కీలు నొప్పి కబురును కూడా సరిగా మోయలేవు. ఈ పరిశోధనకే జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటపౌటియన్‌తో కలిపి.

గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో పండే తేజ మిరప నుంచి తీసే ఓలియోరెసిన్ అనే సారానికి ఆహార పరిశ్రమలోనే కాక మందుల తయారీలోనూ గిరాకీ ఉంది. అలాగని వంటింటి కారం మోకాలికి పట్టించుకోవద్దు. ఎంత ఘాటు పడిందో లెక్క ఉండదు, చర్మం బొబ్బలెక్కుతుంది. మన ఊళ్లలో కుక్క కరిచిన చోట కారం అద్దే అలవాటైతే మరీ ప్రమాదం. ఆ గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, టీకాకు పరుగెత్తాలి.

మందుల షాపులో దొరికే తక్కువ ఘాటు క్రీముల్లో కాప్సైసిన్ చాలా కొద్దిగా, కొన్నిటిలో 100 గ్రాములకు 25 మిల్లీగ్రాములే ఉంటుంది. రోజుకు మూడు నాలుగుసార్లు, రెండు మూడు వారాలు రాస్తేగానీ గుణం తెలియదు. మొదట్లో పుట్టే మంటకు భయపడి చాలామంది మధ్యలోనే మానేస్తారు. అరిగిన మోకాలికి దీన్ని వాడి చూడవచ్చని అమెరికా కీళ్లవైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు కొన్ని షరతులతో చెప్పాయి. చేతివేళ్ల కీళ్లకు మాత్రం వద్దన్నాయి. ఆ చెయ్యి కంట్లో పడితే ఇంకేముంది!

అరిగిన మృదులాస్థిని ఇది తిరిగి పెంచదు. నొప్పి తగ్గితే కాలు ముడిచి చాచే వ్యాయామం చేయగలుగుతాం, బిగుసుకున్న కీలును వదులు చేసేది ఆ వ్యాయామమే. పుండ్ల మీద రాయకండి, రాసిన చోట వేడి కాపడం పెట్టకండి. చేతికి అంటిన మంట ఉత్త నీళ్లకు పోదు, ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి. పొద్దున లేచాక గంటకు మించి కీళ్లు బిగుసుకుపోయి, వాపు కూడా ఉంటే క్రీములతో కాలక్షేపం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.