ఎయిర్ అంబులెన్స్ వస్తుంది సరే.. దిగేదెక్కడ? ఆస్ట్రేలియా మారుమూల ఊళ్లలో మట్టి రన్‌వేలను ఎవరు చూసుకుంటారు?

మీరు 108కు ఫోన్ చేస్తే ఇంటి ముందుకు అంబులెన్స్ వస్తుంది. అదే ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతంలో ఎవరికైనా గుండెపోటు వస్తే? పెద్దాసుపత్రి వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడికి వచ్చే అంబులెన్స్ విమానమే. అయితే అది దిగాలంటే కింద రన్‌వే ఆ పూటకు పనికొచ్చేలా ఉండాలి.

ఈ సేవ ఎవరిది?

రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ అనే లాభాపేక్ష లేని సంస్థది. 1928 మే 17న క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కరీ నుంచి దీని తొలి విమానం ఎగిరింది. ఇప్పుడు వాడుతున్న పిలాటస్ పీసీ-12, కింగ్ ఎయిర్ లాంటి విమానాలు మట్టి రన్‌వేపైనా దిగగలవు.

మరి రన్‌వే బాధ్యత?

చాలాచోట్ల ఈ సంస్థది కాదు. ఊరి దగ్గరుంటే స్థానిక కౌన్సిల్, పశువుల క్షేత్రంలో ఉంటే దాని యజమాని చూసుకోవాలి. గ్రేడర్‌తో చదును చేయడం, చెదపుట్టలు తవ్వేయడం, రెండు చివర్లా పెరిగిన చెట్లు కొట్టడం, గాలి దిశ చూపే విండ్‌సాక్ చిరిగితే మార్చడం.. ఇవన్నీ వాళ్ల పనులే. పెద్ద మరమ్మతులకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద గ్రాంట్లు ఇస్తారు.

బాగుందని ఎలా తెలుస్తుంది?

ఒక తేలికైన పరీక్ష ఉంది. గట్టి స్ప్రింగులున్న బండిలో రన్‌వేపై గంటకు 75 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలి. లోపలున్నవాళ్లకు కుదుపులు ఇబ్బంది పెట్టకపోతే నేల చదునుగా ఉన్నట్టే. అసలు చిక్కు వానతో. పైకి ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగా ఉంటే చక్రాలు దిగబడతాయి. అందుకే నేల ఎలా ఉందో అక్కడివాళ్లను అడిగి తెలుసుకున్నాకే పైలట్ నిర్ణయం తీసుకుంటారు. నేల మెత్తగా ఉంటే రోగిని మరో రన్‌వే దాకా రోడ్డు మీద తీసుకెళ్లాల్సి రావచ్చు. ఆ ఆలస్యం ప్రాణం మీదకు తేవచ్చు.

రాత్రిపూట ఎలా?

కొన్నిచోట్ల సోలార్ లైట్లున్నాయి. లేనిచోట రన్‌వే పొడవునా బ్యాటరీ దీపాలు పెడతారు. డబ్బాల్లో కిరోసిన్‌లో నానబెట్టిన టాయిలెట్ పేపర్ చుట్టలు వెలిగించిన సందర్భాలూ ఉన్నాయి. విమానం దిగే ముందు ఒకరు బండిలో రన్‌వే మీద అటూఇటూ తిరిగి కంగారూలను, పశువులను తరిమేస్తారు.

రన్‌వేనే లేకపోతే?

ఐర్ హైవే లాంటి రహదారులపై కొన్ని తిన్నని భాగాలను ఇందుకోసం కేటాయించారు. రోడ్డుపై రన్‌వే గీతలు, పక్కన హెచ్చరిక బోర్డులు కనిపిస్తాయి. ట్రాఫిక్ ఆపి విమానాన్ని దించుతారు.

మీరు అటు వెళ్తుంటే?

అక్కడ అత్యవసర నంబర్ 000. చాలాచోట్ల మొబైల్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ ఫోన్ దగ్గరుంచుకోండి. దారిలో రన్‌వేలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే రాసిపెట్టుకోండి. అవసరం పడినప్పుడు మీరెక్కడున్నారో చెప్పడానికి అదే పనికొస్తుంది.