మరణశిక్ష గదిలో ఒక తండ్రి డైరీ

ఇక రెండు నెలలే బ్రతుకుతారని తెలిస్తే, మీ బిడ్డకు ఏమి విడిచి వెళ్తారు?

ఫ్రాన్స్ దేశములో జాక్ ఫెష్ అనే యౌవనస్థుడు ఉండేవాడు. 1930లో కలిగిన కుటుంబములో పుట్టాడు. చిన్న వయసులోనే విశ్వాసాన్ని విడిచాడు, పెళ్లయ్యాక భార్యకు దూరమయ్యాడు. పడవ కొనుక్కుని దూరపు సముద్రాలకు వెళ్లిపోవాలని అతని ఆశ. ఆ డబ్బు కోసం 1954 ఫిబ్రవరి 25న పారిస్ పట్టణములో ఒక వ్యాపారిని కొట్టి దోచుకున్నాడు. పారిపోతూ, వెంటపడిన జాన్ వెర్న్ అనే పోలీసును కాల్చి చంపాడు. వెర్న్ భార్య అప్పటికే చనిపోయింది. అతనికి ఒక చిన్న కూతురు. ఆ రోజు ఆ పాపకు నాన్న కూడా లేకుండా పోయాడు.

జైలులో ఫెష్‌ను ఒంటరి గదిలో ఉంచారు. తనకు విశ్వాసము లేదని మొదట పాదిరిగారితో చెప్పేశాడు. అతని లాయరు పాల్ బోదే భక్తిపరుడు, ఆయన విడిచిపెట్టలేదు. సుమారు ఏడాది తరువాత, ఒక రాత్రి ఫెష్ దేవుని వైపు తిరిగాడు. 1957 ఏప్రిల్ 6న, సరిగ్గా 27వ పుట్టినరోజున, కోర్టు మరణశిక్ష విధించింది.

చివరి రెండు నెలలు అతను తన ఆరేళ్ల కూతురి కోసం డైరీ వ్రాశాడు. ప్రియులారా, గమనించండి! అందులో అంతా విజయమే లేదు. ఒకరోజు సమాధానము, మరొకరోజు భయము, ప్రార్థన రాని ఎండిన ఘడియలు, అన్నీ ఉన్నాయి. దేశాధ్యక్షుడు క్షమాభిక్ష నిరాకరించాడు. అక్టోబరు 1 తెల్లవారుజామున శిక్ష అమలైంది.

డైరీ అతన్ని రక్షించలేదు, రక్షించేది ప్రభువే. అయితే బిడ్డ చదువుతుందని తెలిసిన తండ్రి ఎలా అబద్ధమాడగలడు? ప్రతి రోజూ తన్ను తాను పరీక్షించుకోవడానికి ఆ పుస్తకమే అతనికి అద్దమైంది.

1993లో కేథలిక్ సంఘము అతన్ని ధన్యుడుగా ప్రకటించేందుకు విచారణ మొదలుపెట్టినప్పుడు చాలామంది అభ్యంతరం చెప్పారు. వారిని తప్పుపట్టకండి. ఒక కూతురికి డైరీ మిగిలింది, మరి ఇంకొక కూతురికో? సిలువమీద దొంగకు పరదైసు దొరికింది. కాని అతని చేతిలో నష్టపోయినవారి కన్నీళ్లు అబద్ధము కాలేదు. దేవుడు క్షమించాడని మనము గాయపరచినవారిని మరచిపోకూడదు.

ప్రియ చదువరీ, ఈ రాత్రి ఒక పేజీ వ్రాయండి. మీరు ఎవరిని నొప్పించారో ఆ పేరుతో మొదలుపెట్టండి. రేపు వారి గుమ్మము తట్టండి. ఆ అవకాశము ఫెష్‌కు లేదు, మీకు ఉంది. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.