బొడ్రాయి

బొడ్డు, రాయి కలిసి బొడ్డురాయి. వాడుకలో నలిగి బొడ్రాయి. పండితులకది నాభిశిల. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఆ పేరుతో అడిగితే ఎవరూ దారి చూపరు. ఊరిని ప్రాణమున్న ఒళ్లుగా చూస్తేనే కదా దానికో బొడ్డు! నడి ఊళ్లో సగం పాతిన రాయి. పైకి తేలిన కొనకు పసుపు, కుంకుమ. గుడి లేదు, తలుపు లేదు. ప్రతిష్ఠ పండుగకు అత్తగారిళ్ల నుంచి ఆడబిడ్డలంతా వచ్చి బిందెలతో నీళ్లు పోస్తారు. బొడ్డుపేగు ఇంకా తెగలేదనేమో, ఇది నా ఊహే. గ్రీకులూ డెల్ఫీలో ఒక రాయిని భూమికి నడిమధ్య అనుకున్నారు. దాని పేరు ఓంఫలోస్, అంటే బొడ్డే. మన పల్లెల్లో బొడ్రాయి రోజువారీ దారి గుర్తు కూడా: ‘బొడ్రాయి కాడికెళ్లి ఎడమకు మలుగుండ్రి.’