శిరోజాలలో ఒక జాతి చరిత్ర

"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అన్నది తెలుగువారి సామెత. కొప్పును ఎంచుకొనే స్వేచ్ఛ ఆమెదే అన్న భావం అందులో ఇమిడి ఉంది. అమెరికా ఖండానికి బానిసలుగా తరలింపబడిన ఆఫ్రికా స్త్రీలకు, వారి సంతతికి, శతాబ్దాల పాటు ఆ స్వేచ్ఛ కరవైంది.

పశ్చిమాఫ్రికాలోని యోరుబా ప్రజలకు శిరస్సు పవిత్రం. వారి భాషలో 'ఒరి' అన్న పదానికి తల అనే గాక, మనిషి భాగధేయాన్ని నిర్ణయించే అంతశ్శక్తి అనే అర్థం కూడా ఉంది. అందువల్ల అక్కడ కేశరచన కేవలం సింగారం కాదు. వయస్సును, వైవాహిక స్థితిని, హోదాను తెలిపే సంకేతం. నైజీరియా ఛాయాచిత్రకారుడు ఒజెయికెరె 1968 నుండి ఎన్నో ఏళ్లు శ్రమించి ఇటువంటి కేశరచనలను వందల సంఖ్యలో చిత్రించి భద్రపరిచారు.

బానిస వ్యాపారం ఈ సంప్రదాయంపై గొడ్డలిపెట్టు అయింది. బందీల తలలు గొరిగించడం పరిపాటి. అనంతరం శాసనాలు వచ్చాయి. 1786లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లూసియానా గవర్నరు ఎస్తెబాన్ మీరో, స్వతంత్రులైన నల్లజాతి, మిశ్రజాతి స్త్రీలు తమ జుట్టును గుడ్డతో కప్పుకోవాలని ఉత్తర్వు చేశాడు. న్యూ ఆర్లియన్స్ స్త్రీలు ఆ తలగుడ్డనే మేలైన వస్త్రాలతో, ఆభరణాలతో తీర్చిదిద్ది, అవమాన చిహ్నాన్ని ఆత్మగౌరవ చిహ్నంగా మార్చుకున్నారు.

బానిసత్వం రద్దయినా వివక్ష సమసిపోలేదు. 1981లో న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయస్థానం, తలకు అంటిపెట్టుకొనేలా అల్లిన సన్నజడలను నిషేధించిన ఒక విమానయాన సంస్థ నిబంధనను సమర్థించింది. చర్మపు రంగు మార్చుకోలేనిది, జడ మార్చుకోదగినది అన్నది ఆ తీర్పులోని తర్కం.

జాతిభేదానికి రంగు ఒక్కటే ఆనవాలు అన్న ఇటువంటి దృష్టినే రచయిత్రి, అధ్యాపకురాలు ఎమ్మా డబీరి ప్రశ్నించారు. ఐరిష్ తల్లికీ, యోరుబా తండ్రికీ డబ్లిన్‌లో జన్మించిన ఆమె 2019లో వెలువరించిన 'డోంట్ టచ్ మై హెయిర్' గ్రంథంలో, రంగుతో సమానంగా జుట్టు స్వభావమూ జాతిముద్రగా పనిచేసిందని వాదించారు. జడల అల్లికలో గణితజ్ఞానం దాగి ఉందని, తల దువ్వుతూ గడిపే గంటలు వృథా కావని, అవి ఆడవారి మధ్య అనుబంధాన్ని పెనవేసే సమయమని నిరూపించడానికి పూనుకున్నారు.

అదే 2019లో కాలిఫోర్నియా, జుట్టు ఆధారంగా చూపే వివక్షను జాతివివక్షగా గుర్తించిన తొలి అమెరికా రాష్ట్రమైంది. తరువాత ఇరవైకి పైగా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. జుట్టును దాచుకొమ్మన్న ఉత్తర్వు వెలువడిన రెండు శతాబ్దాల తరువాత, దానిని దాచుకోనక్కరలేదని చెప్పడానికి కూడా శాసనమే అవసరమైంది.