బోర్డుమీది అక్షరము



ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి విరమించినవాడను. విరమించిన పిదప మా యూరివారు నాకొక క్రొత్త యుద్యోగము నిచ్చిరి. శుభలేఖలు అచ్చువేయించువారు, శిలాఫలకములు చెక్కించువారు, బోర్డులు వ్రాయించువారు ముందుగా కాగితమును నాయొద్దకు దెచ్చి తప్పులు దిద్దించుకొని పోవుచుందురు. జీతము లేదు గాని కాఫీకి లోటు లేదు. ఆ పనిలో నేను చేసిన యొక పొరపాటును, దానివలన నేను నేర్చుకొన్న కొంత చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని.

మా యూరికి కొంచెము దూరమున పెద్దరోడ్డునుండి ఆసుపత్రికి చీలుదారి కలదు. ఆ మలుపున ఒక దాత రేకు బోర్డు పెట్టింప సంకల్పించి కాగితము నాకు పంపెను. అందు రెండు తప్పులుండగా దిద్దితిని. అక్షరము మాత్రము ఆయన కుమార్తె పెండ్లి శుభలేఖలోనిది. పలుచని గీతలు, వంపులు తిరిగిన కొమ్ములు, తీగవలె సాగిన దీర్ఘములు. "మేష్టారూ, అక్షరం ముచ్చటగా ఉంది కదండీ?" అని కాగితము తెచ్చిన పెయింటరు అడిగెను. "ముచ్చటగానే యున్నది" అంటిని. కాగితము నా చేతిలో, కంటికి మూరెడు దూరమున నున్నది. పగటి వెలుతురు, కంటికి అద్దములు. ఇంక ముచ్చటగా నుండక యేమి చేయును?

ఆ వర్షకాలమున ఒకనాటి రాత్రి పదియేండ్ల పిల్లవానిని పాము కరచినది. పొరుగు మండలమునుండి ఆటోలో తెచ్చుచుండిరి. నడుపువాడు ఈ దారి యెరుగనివాడు. మలుపు దాటి నాలుగు కిలోమీటర్లు పోయి, ఒక టీ దుకాణమువాడు చెప్పగా వెనుకకు మరలెను. దైవకృప వలనను, ఆ రాత్రి డ్యూటీలో నున్న వైద్యుని చలువవలనను పిల్లవాడు బ్రతికెను. మరునాడు ఆ యాటో యబ్బాయి మా యరుగుమీద కూర్చుండి యిట్లనెను: "బోర్డు చూశానండి. ఎవరిదో పెళ్ళి బోర్డనుకున్నాను."

ఆ మాట నన్ను చాలకాలము విడువలేదు. ఒత్తులు దిద్దితిని, దీర్ఘములు దిద్దితిని. చదువువాడెక్కడ నుండునో ఆలోచింపనైతిని. ఇట్టి చిక్కు లోకమున మఱియెవరికైన కలిగెనా, కలిగినచో నెట్లు తీర్చుకొనిరి యని పుస్తకములు తెప్పించి చదువ మొదలిడితిని.

మొదట నాకు దొరికినది లండను నగరపు కథ. అచ్చట భూగర్భ రైలుమార్గముల ప్రకటనల పని చూచుచుండిన ఫ్రాంక్ పిక్ అను నాయనకు ఒక బాధ యుండెను. స్టేషను గోడలనిండ సబ్బులు, తేయాకు మొదలగు సరకుల ప్రకటనలు. వాని నడుమ స్టేషను పేరు కానరాకపోవుట. ఆయన 1913లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అను లేఖకుని పిలిపించి, వర్తకుల ప్రకటనలతో కలిసిపోని యక్షరము కావలెనని కోరెను. ఈ జాన్‌స్టన్ 1872లో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో పుట్టినవాడు. వెడల్పు పాళీతో పాతకాలపు వ్రాతను మరల వెలుగులోనికి దెచ్చి, 1906లో లేఖనకళపై గ్రంథము వ్రాసిన గురువు. మన లెక్కలో చెప్పవలెనన్న తాళపత్రముపై గంటము పట్టిన చేయి. అట్టివాడు పాళీ వయ్యారములన్నిటిని విడిచి, ప్రాచీన రోమను శిలాక్షరముల కొలతలను మాత్రము గ్రహించి, గీత యంతటను దాదాపు ఒకే లావుగా నుండునట్లు అక్షరములను కూర్చెను. 1916లో అది వాడుకకు వచ్చినది. 1979లోను 2016లోను కొంత సవరించిరి గాని నేటికిని లండనులో ఆ యక్షరమే నడచుచున్నది. తన విద్యలోని సొగసును తానే తగ్గించుకొన్న ఆ పండితుని జూచి నాకు గౌరవము కలిగినది. మా వంటివారికి అది సులభము కాదు.

రెండవ కథ మా బోర్డునకు మఱింత దగ్గరది. 1950ల చివర ఇంగ్లండులో వేగముగా పోవు కార్ల కొఱకు క్రొత్త రహదారులు వేయసాగిరి. పాత బోర్డులు గుఱ్ఱపుబండి కాలపు నడకకు సరిపోవునవి. 1957లో ఒక సంఘము నేర్పరచి, జాక్ కినీర్ అను నాయనకు బోర్డుల పని యప్పగించిరి. ఆయన శిష్యురాలు మార్గరెట్ కాల్వర్ట్ ఆయనతో కలిసి పనిచేసెను. ఇంగ్లీషున పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు అను రెండు తెగలున్నవని మీ రెఱుగుదురు. అంతకుముందు బోర్డులపై ఊళ్ళ పేర్లన్నియు పెద్దవానితోనే వ్రాయుచుండిరి. కినీర్ మొదటి యక్షరమును మాత్రము పెద్దదిగా నుంచి తక్కినవానిని చిన్నవానితో వ్రాయించెను. చిన్న యక్షరములు కొన్ని పైకిని కొన్ని క్రిందికిని సాగుటచే పదమునకొక రూపమేర్పడును; దూరమునుండి అక్షరములు విడివిడిగ తెలియకున్నను ఆ రూపమును బట్టి ఊరి పేరు పోల్చుకొనవచ్చునని యాయన వాదము. 1958 డిసెంబరులో తెఱచిన ప్రెస్టన్ రహదారిపై ఈ బోర్డులు తొలుత నిలిచినవి.

అంతట డేవిడ్ కిండర్స్‌లీ అను శిలాక్షర శిల్పి యెదురు తిరిగెను. పెద్ద యక్షరములే, అంచులకు చిన్న కొనలు గలవియే దూరమునకు స్పష్టమనియు, బోర్డు కూడ చిన్నదగుననియు ఆయన పట్టుదల. పత్రికలలో లేఖలు నడచినవి. ఇక్కడ మన సభలలో నైనచో శ్లోకములు చదివి పగలు పెంచుకొని లేచిపోయెడివారము! అక్కడివారు బెన్సన్ అను విమానస్థలమున సైనికులను బల్లలపై కూర్చుండబెట్టిరి. కారుపై బోర్డు నిలిపి వారివైపు నడిపించిరి. ఏ యక్షరము నెంత దూరమున చదువగలిగిరో వ్రాసికొనిరి. ఫలితము చిత్రమైనది. కిండర్స్‌లీ యక్షరమే కొంచెము ముందుగా చదువబడినది. తేడా నూటికి మూడుపాళ్ళు మాత్రమే. అంత స్వల్పభేదము నకు చూపునకు నచ్చని యక్షరమును దేశమంతట నిలుపనేలయని కినీర్ పద్ధతినే గైకొనిరి. 1965 జనవరి 1 నుండి అది చట్టమైనది. కిండర్స్‌లీకి అన్యాయము జరిగెనని కొందఱందురు. నాకు మాత్రము తీర్పుకంటె తీర్పునకు ముందు వారు వేసిన ఆ బల్లలే ముఖ్యముగా తోచినవి.

సరే, ఇంగ్లీషు సంగతి యిది. మన తెలుగక్షరము మాట యేమి? మన యచ్చక్షరములు పుట్టినది పుస్తకము కొఱకు. మదరాసున తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవ బోధకుడు జర్మనీలోని హాలె నగరమున 1746, 1747 సంవత్సరములలో తెలుగు పుస్తకములను అచ్చువేయించెను. శ్రీరామపురపు ముద్రాశాలలో పోతపోసిన తెలుగక్షరములు 1812 మార్చి 11న జరిగిన అగ్నిప్రమాదమున కరిగిపోగా మరల పోసికొనిరి. 1814లో కేరీ వ్యాకరణము వెలువడినది. 1816లో మదరాసున కాంబెల్ వ్యాకరణము, 1852లో బ్రౌను నిఘంటువు. ఇవన్నియు ఒడిలో పెట్టుకొని చదువువాని కొఱకైనవి. వీథిలో పోవువానికి అక్షరము చూపు భారమంతయు కుంచె పట్టిన పెయింటరుదే. వాడు దూరమెఱిగి వ్రాసెడివాడు. వ్రాసి, నిచ్చెన దిగి, వీథి కావలికి పోయి చూచుకొనెడివాడు. కంప్యూటరు వచ్చిన పిమ్మట కోరినవాడే అక్షరము నేరుకొనుచున్నాడు. దిగి చూచువాడు లేడు.

ఎంచుకొనుటకు కొఱత లేదు. తిరుమల కృష్ణదేశికాచారిగారు చేసిన పోతన అక్షరమున లావు సన్నములు పుస్తకపు టచ్చువలె నుండును. వేమన అక్షరమున గీత యంతట నొకే తీరు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు పేర్లతోను అక్షరములున్నవి. చిత్రకారుడు బాపుగారి (1933–2014) చేవ్రాతను అక్షరముగా మలచిరి. శుభలేఖకు దానిని మించినది లేదని నా యభిప్రాయము.

బోర్డు తిరిగి వ్రాయింపవలెనని గ్రామస్థులు తలచినపుడు నేను బెన్సన్ పద్ధతి నవలంబించితిని. ఒకే కొలత గల మూడట్టలపై "ఆసుపత్రి" యని మూడు విధములుగ వ్రాయించి, చెఱువుగట్టున వేపచెట్టు క్రింద నా యీడువారిని ఏడుగురను కూర్చుండబెట్టితిని. అట్టలు పట్టుకొని మా మనుమడు దూరమునుండి నడచి వచ్చుచుండెను. పెండ్లి యక్షరము వాడు మా మోకాళ్ళయొద్దకు వచ్చినగాని తెలియలేదు. "బాగా లావు చేయించండి, తెలియకేం" అని యొకరనగా లావుపాటి యక్షరమును పెట్టితిమి. అందు పకారముపై నుండు సందు పూడిపోయి, ఇద్దఱు "ఆసువత్రి" యని చదివిరి. మధ్యస్థమైన లావుతో సమముగా సాగు గీతయే అందఱికంటె ముందు తెలిసినది.

అప్పుడే మఱియొక లోపము బయటపడినది. పాత బోర్డున పెయింటరు ఇంగ్లీషునకును తెలుగునకును సమానమైన రెండు పట్టీలు గీచెను. న్యాయముగానే కనబడును. కాని ఇంగ్లీషు పెద్ద యక్షరములు పట్టీని నిండార ఆక్రమించును. తెలుగున "త్రి" యన్నచో పైన గుడి, నడుమ తకారము, క్రింద క్రావడి, మూడంతస్తుల మేడ. ఆ పట్టీలోనే మూడంతస్తులను ఇఱికించుటచే నడిమి యక్షరము సగమునకు తగ్గినది. సమభాగ మిచ్చి మన యక్షరమునే చిన్నబుచ్చితిమి. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోవును. మూడు సెకన్లలో 50 మీటర్లు. ఆ లోపుగనే చదువవలెను, మలుపవలెను.

దాతకు ఈ సంగతి చెప్పుటకు నేనే పోయితిని. ఆయన మొగము చిన్నబోయినది. "అమ్మాయి పెళ్ళి గుర్తుగా పెట్టించానండీ పంతులుగారూ" అనెను. దానికి నాకు మాట తోచలేదు. తప్పు నాది కూడ నని చెప్పి, ఆటో యబ్బాయి మాటను వినిపించితిని. కొంతసేపటికి, "మీ యిష్టం, తీయించకండి మటుకు" అనెను.

కావున తీయింపలేదు. ఆ రేకునే త్రిప్పి, వెనుకవైపున తెల్లని రంగు వేయించి, తెలుగునకు రెండు పాళ్ళు, ఇంగ్లీషునకు ఒక పాలు ఇచ్చి, ఎఱ్ఱని శిలువ గుర్తు బదులు బాణము గీయించి, క్రొత్త యక్షరము వ్రాయించితిమి. దాత పేరు అడుగున చిన్నదిగా నున్నది. వ్రాయుట ముగిసినపుడు పెయింటరు నిచ్చెన దిగి, ఎవరును చెప్పకయే రోడ్డున కావలికి పోయి నిలిచెను. ఆసుపత్రినుండి తిరిగి వచ్చువారికి మాత్రము రేకు రెండవవైపున ఆ పెండ్లి యక్షరము నేటికిని కనబడుచునే యున్నది.