మల్కాపుర శాసనమునందలి యారోగ్యశాల

కృష్ణానదికి దక్షిణతీరమున, గుంటూరుమండలమునందు, మందడ మను గ్రామమును, దానిని జేరి మల్కాపుర మను చిన్నయూరును గలవు. ఆ మల్కాపురమున నందిప్రతిమను శిరమునఁ దాల్చిన యున్నత శిలాస్తంభ మొకటి నిలిచి యున్నది. దానిపైఁ జెక్కఁబడిన శాసనము శాలివాహనశకము 1183, అనఁగాఁ గ్రీస్తుశకము 1261 నాఁటిది. కాకతి గణపతిదేవుని కూఁతురగు రుద్రమదేవి కాలమున నిది వెలసినది. జయంతి రామయ్యపంతులుగారు దీనిని బరిష్కరించి ప్రకటించిరి. కాకతీయుల చరిత్రమునకును, గోళకీమఠాచార్యుల పరంపరకును దీనిని జరిత్రకారులు ప్రమాణముగాఁ గైకొనుచున్నారు. అందు విచారింపఁదగిన పద మింకొకటి కలదు. అది ఆరోగ్యశాల యనునది.

నేఁడు నగరములందును, ఆశ్రమములందును ఆత్మసంరక్షణము, స్వస్థత, వ్యక్తిత్వవికాసము అను పేళ్లతోఁ గొన్నిదినముల శిబిరములును గార్యశాలలును నడచుచున్నవి. దేహమునకుఁ జికిత్స యొకచోటను, మనస్సునకు శిక్ష యొకచోటను వేర్వేఱుగా దొరకుటచేత, ఆ రెంటిని మరల నొక్కకప్పుక్రిందికిఁ దెచ్చు ప్రయత్నముగా నీ శిబిరములను దలంపవచ్చును. ఈ కూర్పు క్రొత్తది కాదు. అట్టిది పదుమూఁడవ శతాబ్దమున నాంధ్రదేశమున నెట్లుండెనో, దానిని నడపినదేదో, అందుఁ బ్రవేశమెవ్వరికిఁ గలిగెనో మల్కాపురశాసనము చాలవఱకుఁ దెలుపుచున్నది.

గోళకీమఠము మొదట నర్మదాభాగీరథుల నడుమనున్న డాహలమండలమునఁ బుట్టినది. దూర్వాసుని సంతతిగాఁ జెప్పుకొను శైవాచార్యపరంపరలో సద్భావశంభు వను నతనికిఁ గలచురిరాజైన యువరాజదేవుఁడు మూఁడులక్షల గ్రామములు సమర్పించె ననియు, ఆతఁడు వానిని మఠమునకే వినియోగించె ననియు శాసనము చెప్పుచున్నది. సంఖ్య స్తుతిపరమే కావచ్చును; కాని గురువునకు వచ్చిన ధనము గురువునది కాక మఠముది యను నియమ మిందు స్పష్టము. ఆ పరంపరలోనివాఁడే తన పద్ధతిగ్రంథముచేఁ బ్రసిద్ధుఁడైన సోమశంభువు. ఆ వంశముననే గౌడదేశమునందలి రాఢప్రాంతపు పూర్వగ్రామమునుండి వచ్చిన విశ్వేశ్వరశంభువు గణపతిదేవునకు దీక్షాగురు వయ్యెను. గణపతిదేవుఁడు గురువునకు మందరగ్రామమును వాగ్దానము చేసెను. రుద్రమదేవి దానిని వెలంగపూఁడితోను, కృష్ణలోని లంకభూములతోను గూర్చి ధారవోసెను. ఆ మందరమే నేఁటి మందడము. ఆ వెలంగపూఁడియే వెలగపూడి.

విశ్వేశ్వరశంభు వా గ్రామములఁ దనకై యుంచుకొనలేదు. విశ్వేశ్వరగోళకి యను పేర నగ్రహారము నిర్మించి, ద్రవిడదేశమునుండి వచ్చిన యఱువది బ్రాహ్మణకుటుంబములకు రెండేసి పుట్ల భూమి నిచ్చెను. తక్కిన భూమి మూఁడుభాగము లయ్యెను. ఒకభాగము శివాలయమునకు; రెండవభాగము విద్యార్థులకును శుద్ధశైవమఠమునకును; మూఁడవభాగము ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, విప్రసత్రమునకును. దేవునకు విధింపఁబడినంత భాగమే బాలెంతలకును రోగులకును నన్నార్థులకును విధింపఁబడుట గమనింపఁదగినది.

ఉద్యోగులనుగూడ శాసనము లెక్కించి చెప్పినది. ఋగ్యజుస్సామములకు మువ్వురు బోధకులు. పదము, వాక్యము, ప్రమాణము, సాహిత్యము, ఆగమము వీనిని వ్యాఖ్యానించుటకై యేవురు. పదమనఁగా వ్యాకరణము, వాక్యమనఁగా మీమాంస, ప్రమాణమనఁగాఁ దర్కము. పిమ్మట వైద్యుఁ డొక్కఁడు. లెక్కలు వ్రాయు కాయస్థుఁ డొక్కఁడు. ఆలయమున నాట్యము చేయువారు పదుగురు, వాద్యకారు లెనమండుగురు, గాయనులు పదునలువురు మున్నగువారును గలరు. వైయాకరణుఁడును, వైద్యుఁడును, కాయస్థుఁడును ఒక్క పట్టికలో నిలిచిరి. పోషణమున కుపాయము లేని ధర్మము నిలువదని యెఱిఁగినవాఁ డీ వ్యవస్థ నేర్పఱచెననుటకు లెక్కలవాని నియామకమే సాక్ష్యము.

ఇఁక ఆరోగ్యశబ్దమును బరిశీలింతము. అరోగశబ్దమునకు భావార్థమునఁ బ్రత్యయము రాఁగా ఆరోగ్యమని రూపము సిద్ధించును. అరోగమనఁగా 'రోగము కానిది' యని నఞ్తత్పురుషముగా గ్రహించినచో నీ ప్రత్యయము పొసఁగదు. నఞ్పూర్వమైన తత్పురుషముమీఁద నట్టి ప్రత్యయములకుఁ బాణిని నిషేధము చెప్పెను. కావున 'ఎవనికి రోగము లేదో వాఁడు' అని బహువ్రీహినే గ్రహింపవలయును. అట్టివాని భావమే యారోగ్యము. అనఁగా నీ పదము రోగాభావమును మాత్రము గాక, రోగములేని మనుష్యుని స్థితిని జెప్పుచున్నది. పదమున మనుష్యుఁ డున్నాఁడు. స్వస్థశబ్దమును నిట్టిదే: తనయందుఁ దాను నిలిచినవాఁడు స్వస్థుఁడు. సుశ్రుతుఁడు స్వస్థుని నిర్వచించుచు దోషములును, జఠరాగ్నియు, ధాతువులును సమముగా నుండుటతోఁ దనియక, ఆత్మయు నింద్రియములును మనస్సును దేఱియుండవలెనని చేర్చినాఁడు. శాలకు రోగమునుబట్టి గాని వైద్యునిబట్టి గాని గాక చేరఁదగిన స్థితినిబట్టి పేరిడుట యీ సంప్రదాయమున కనుగుణమే.

ఇంతకుఁ బూర్వపు టుదాహరణ మొకటి కృష్ణాతీరముననే కలదు. ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురిలో, అనఁగా నాగార్జునకొండలోయలో, దొరకిన యొక శాసనమున విగతజ్వరాలయ మను పదము కానవచ్చినది. జ్వరము తగ్గినవారు తేఱుకొనుటకైన గృహమని దీని కర్థము చెప్పుదురు. జ్వరశబ్దము దేహతాపమునకే కాక మనస్తాపమునకును వాడుక గలది కావున, తాపము వీడినవారి నిలయమనియు నర్థ మూహింపవచ్చును. బౌద్ధవిహారమున నీ రెండర్థములకును జోటు గలదు. ఆ లోయ యిప్పుడు నాగార్జునసాగరజలములలో మునిఁగినది; తరలింపఁబడిన శిథిలములు ద్వీపముమీఁద నున్నవి.

తమిళదేశమున తిరుముక్కూడలు దేవాలయశాసనము వీరరాజేంద్రచోళుని (1063–1070) కాలపుది. అందు వీరచోళనామముగల యాతురశాల వర్ణింపఁబడినది. పదునైదు శయ్యలు, వైద్యుఁ డొకఁడు, శస్త్రచికిత్సకుఁ డొకఁడు, మూలికలు తెచ్చువా రిరువురు, పరిచారిక లిరువురు, నిలువయుంచవలసిన తైలములు, ఘృతములు, లేహ్యములు పేరుపేరున నందుఁ గలవు. అచ్చటను వేదపాఠశాల దాని సరసనే యుండెను. ఆ చికిత్స ముఖ్యముగా విద్యార్థులకును ఆలయసేవకులకును నుద్దేశింపఁబడినది. వివరమున మల్కాపురశాసనము దానికిఁ దీసికట్టే. శయ్యల సంఖ్యగాని యోషధుల పట్టికగాని యిందు లేదు.

కాని మల్కాపురమున నున్న ప్రసూతిశాల మఱియొక విషయమును సూచించుచున్నది. విహారమునందలి చికిత్సాగృహము భిక్షువులకైనట్లు, మఠమునందలి యారోగ్యశాల యతులకును శిష్యులకును మాత్రమే యని యనుకొనవచ్చును. ప్రసూతిశాలకు నట్టి సమాధానము కుదురదు. యతులకుఁ గాని, బ్రహ్మచర్యమున నున్న విద్యార్థులకుఁ గాని దానితోఁ బ్రయోజనము లేదు. కావున మూఁడవభాగపు ధనము మఠపు గోడలు దాఁటి గృహస్థుల యిండ్లకుఁ జేరవలసియున్నది. ఒక్క నిధిచేఁ బోషింపఁబడి, ఒక్క వాక్యమునఁ బ్రసూతిశాల ప్రక్కనే చెప్పఁబడిన యారోగ్యశాలను వేఱొక పరిమితిలో బంధించుటకు శాసనమున హేతువు కానరాదు.

ఇచ్చట నొక యాక్షేపము పుట్టును. ఆ గృహస్థు లగ్రహారమున నెలకొల్పఁబడిన యఱువది బ్రాహ్మణకుటుంబములవారే యేల కారాదు? మూఁడవభాగమునే పంచుకొనిన సత్రమునకు విప్రసత్రమనియే పేరు గదా! ఈ యాక్షేపము బలమైనదే. దీనికిఁ బ్రతిగాఁ జూపఁదగినది శాసనమునందలి యన్నదాననియమము. బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు వచ్చినవారి కెల్లర కన్నము పెట్టవలెనని విశ్వేశ్వరశంభువు విధించెను. అన్నమునకుఁ జెప్పిన యీ నియమమును జికిత్సకు శాసనము వాచ్యముగాఁ జెప్పలేదు. చెప్పనిదానిని జెప్పినట్లు స్థాపించుట విమర్శ గాదు. కావున నిర్ణయ మింతవఱకే: ఆరోగ్యశాల మఠవాసులకే పరిమితము గాదనుటకుఁ బ్రసూతిశాల బలమైన జ్ఞాపకము, అది సర్వజనులదనుటకు నన్నదాననియమ మనుకూలమే కాని, సాధకము గాదు. వేదము చదువుట కెల్లర కధికార మీయని యా కాలమున, ఆఁకలికిఁ గులము లేదని శిలపైఁ జెక్కించుట మాత్రము నిస్సంశయము. రోగమునకును లేదనెనా యను ప్రశ్న నిలిచియే యున్నది. ఆ ప్రశ్నను దాఁచి యీ మఠమును బొగడుట చరిత్రమున కపచారము.

ఆత్మవికాసము మాటకు వత్తము. శైవాగమములు విద్య, క్రియ, యోగము, చర్య యని నాలుగు పాదములుగా విభక్తములు. తెలియుట, చేయుట, నిలుపుట, నడచుకొనుట యని వీనిని స్థూలముగాఁ దెలుఁగు చేయవచ్చును. ఈ నాలుగింటిలో నే యొక్కటియుఁ గొన్నిదినములలో ముగియునది కాదు. దీక్ష యారంభమే కాని సమాప్తి కాదు. మఠమున శిష్యుఁడు వ్యాకరణము చదివిన యూరిలోనే బాలెంతకుఁ బథ్యము, పరదేశికి నన్నము దొరకుచుండెను. తన్నుఁ దాను బాగుచేసికొనువాఁ డితరులు బాగుపడు చోటనే యుండవలెనను నేర్పాటు, ఉద్దేశించి చేసినదైనను, నిధి యొకటి యగుటచేఁ గలిగినదైనను, ఫలమున నొక్కటే. నేఁటి శిబిరములకును దీనికిని గల ముఖ్యభేద మిదియే. శిబిరమునకు వచ్చువాఁడు శుల్క మిచ్చి తనకై వచ్చును; విశ్వేశ్వరగోళకిలో వ్యయము భూమిది, ఫలము పలువురిది.

భూమిపై నిలుచుటయే దాని బలము. అదియే దాని బలహీనతయు. 1323లో నోరుగల్లు పడి కాకతీయరాజ్యము నశించినది. రాజు పోయిన పిమ్మట రాజదత్తమైన భూమికి రక్షణ కొఱవడుట లోకసహజము. ఆరోగ్యశాల గోడలు నిలువలేదు. వైద్యుని పేరును నిలువలేదు. ఏ ధనమేభాగ మెవ్వరికిఁ జెందవలెనో చెప్పు ఱాయి మాత్రము నిలిచినది.

ఆ వెలగపూడిలోనే 2016లో నాంధ్రప్రదేశపు తాత్కాలికసచివాలయము వెలసినది. శాసనసభయు నచ్చటనే చేరినది. రాజ్యపు ఆదాయము ప్రతివర్షము భాగములుగా విభజింపఁబడు చోటికిఁ జేరువనే, యేడువందలయేండ్లకుఁ బూర్వము రెండు గ్రామముల యాదాయమును మూఁడుభాగములు చేసి, అందొకభాగమును బ్రసవమునకును రోగమునకును నాఁకలికిని విడిచిన స్తంభము నిలిచియున్నది. పండితులు దానిని గాలనిర్ణయమునకై చదువుట యుచితమే. బాలురను మల్కాపురమునకుఁ గొనిపోవు నుపాధ్యాయులు రాజుల పేళ్లతోపాటు ఆ మూఁడవభాగమునుగూడఁ జదివి వినిపించుట యంతకంటె నుచితము.